పాలత్త చీర

పోయిన వారం మా అన్న కొడుకు ఫోన్ చేశాడు. "బాబాయ్, మన డెయిరీకి వెబ్‌సైట్ పెడతన్నా. అందులో 'మా చరిత్ర' అని ఒక పేజీ ఉండాలంట. తాతల కాలం సంగతులు నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు, ఓ నాలుగు ముక్కలు రాసిపెట్టు" అన్నాడు. డెయిరీ వాడి చేతుల్లో పెట్టి ఇంట్లో కూర్చున్నాక, నన్ను ఎవరైనా ఏదైనా అడగటం అదే మొదలు. ఒళ్ళు పొంగిపోయింది. కొత్త నోటుబుక్కు తెప్పించుకుని, ఇంట్లోవాళ్ళను టీవీ తగ్గించమని కసిరి మరీ కూర్చున్నాను. రెండు పేజీలు గడగడా సాగాయి. మూడో పేజీలో పాలత్త దగ్గరకొచ్చేసరికి పెన్ను ఆగింది. ఈ రోజుకీ అక్కడే ఉంది.

ముందు ఆ రెండు పేజీల సంగతి చెబుతాను, అవి నలుగురిలో చెప్పుకోదగ్గవే. మాది గురజాల వైపు పల్లె. మా తాత రెండు గేదెలతో మొదలుపెట్టాడు. అప్పుడు చావిడి అంటే నాలుగు గుంజలు, పైన తాటాకులు. వానొస్తే గేదెలు లోపల, తాత బయట అని మా నాయనమ్మ వేళాకోళం చేసేది. సాగర్ కాలవ నీళ్ళు మా పొలాలకు పారాక వరిగడ్డికి కొదవ లేకపోయింది, గేదెలు ఎనిమిదయ్యాయి, మా నాన్న రాతి చావిడి కట్టించాడు. పల్నాడులో రాయికి కరువేముంది, బావి తవ్వితే నీళ్ళు పడకపోయినా రాయి మాత్రం తప్పకుండా పడుతుంది. కింద నాపరాళ్ళు పరిపించి గోడలకు పిడుగురాళ్ళ సున్నం కొట్టించాడు. అప్పటికి మా ఇంట్లో మట్టినేలే. "నన్ను ఆ చావిట్లోకి ఇచ్చినా సుఖపడేదాన్ని" అని మా అమ్మ నాన్నను దెప్పుతూ ఉండేది. తెల్లారి ఆ చావిట్లోకి అడుగుపెడితే నానబెట్టిన పత్తిగింజల వాసన, పచ్చిచొప్ప వాసన, పేడ వాసన, వాటి మధ్యలోంచి నురగపాల వాసన. ఎన్ని పెళ్ళిళ్ళకు వెళ్ళినా అంత కమ్మటి వాసన నాకు మళ్ళీ తగల్లేదు.

ఆ చావిడి పాలత్తది. రాళ్ళు మావి, గేదెలు మావి, చావిడి మాత్రం ఆమెది. మాకు చుట్టరికం ఏమీ లేదు, ఊరి వరసకు అత్త. పాలు పితికే అత్త కాబట్టి పాలత్త. చిన్న వయసులోనే భర్త పోతే, చంకలో కూతురితో మా తాత దగ్గరకు పనికొచ్చిందట. రెండు పూటలా ఎనిమిది గేదెలకూ ఆమె చెయ్యే. కూర్చున్న దగ్గర్నుంచి లేచేదాకా గేదెను తిడుతూనే ఉండేది. "ఏమే, పెళ్ళిచూపులకు కూర్చున్నదాన్లాగా ఆ బిగుసుకోడమేందే?" అనేది. నుదుట తెల్లమచ్చ ఉన్న చుక్కదానికి అన్నిటికంటే ఎక్కువ తిట్లు. ఆ తిట్లు చెవిన పడితేనే గేదెలు చేపేవి. చేపటం అంటే గేదె తనంతట తాను పొదుగులోకి పాలు దించటం. అది చేపకపోతే ఎంత పిండినా చుక్క రాదు. ఆమె ఎప్పుడైనా ఊరెళ్తే మా అమ్మ ఆమె చీర కట్టుకుని కూర్చునేది. మా వైపు అందరూ చేసే పనే అది. గేదెకు మనిషి మొహంకంటే చీర వాసనే గుర్తు.

ఇక నా సంగతి. నేను సత్తెనపల్లిలో డిగ్రీ చదివి, ఎక్కడో పెద్ద డెయిరీలో ఆరు రోజులు ట్రైనింగు తీసుకుని వచ్చాను. ఆ ఆరు రోజులకే మా తాత, నాన్న ఇద్దరూ ఏమీ తెలియనివాళ్ళని తేల్చేశాను. రాతి చావిడి పక్కన రేకుల షెడ్డు వేయించి, గేదెలను అందులోకి మార్పించి, పాలు తీసే మిషను తెప్పించాను. మిషను బిగించే రోజున పాలత్త ఎప్పటిలాగే చెంబుతో నీళ్ళు తెచ్చి పొదుగు కడగబోతోంది. బిగించటానికొచ్చిన మెకానిక్కుల ముందే, "రేపట్నించి నువ్వు రానక్కర్లేదులే అత్తా" అన్నాను. ఇంట్లో కూర్చోబెట్టి చెప్పొచ్చు. అమ్మచేత చెప్పించొచ్చు. వాళ్ళ ముందయితే యజమానిలా కనపడతానని అక్కడే అన్నాను. ఆమె చెంబు గోడవార పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, "సరే అబ్బాయ్" అని వెళ్ళిపోయింది.

మర్నాడు మిషను చప్పుడుకు గేదెలు పలుపులు తెంపుకోబోయాయి. ఒక్కటీ చేపలేదు. రెండో రోజు సాయంత్రానికి పొదుగులు రాళ్ళలా గట్టిపడ్డాయి. నాన్న నాతో మాట మానేశాడు. "పోయి ఆమెను పిలుచుకు రారా, సిగ్గెందుకు" అంది అమ్మ. పిలుచుకొస్తే ఊరంతా నవ్వుతుందని నా భయం. అందుకని ఒక ఉపాయం ఆలోచించాను. అంత తెలివి నాకు జన్మలో ఇంకెప్పుడూ పుట్టలేదు, పుట్టకపోవటమే మంచిదయింది.

పాలత్త ఇంటి ముందు కూర్చుని కూలికి మిరపకాయల తొడిమలు తీస్తోంది. నన్ను చూడగానే లేచింది.

"ఏందబ్బాయ్, చేపట్లేదా?"

"లేదత్తా."

"చుక్కది కూడానా?"

"ఏదీ లేదు."

ఒళ్ళోని కాయలు గబగబా చాటలోకి దులిపింది. "పద, చేతులు కడుక్కోని వస్తా. కారం చేతుల్తో ముట్టుకోగూడదు."

"నువ్వొద్దులే అత్తా" అన్నాను. "నీ చీరొకటి ఇయ్యి, చాలు. మిషనుకు అలవాటయ్యేదాకా కట్టుకుంటా."

ఆమె నావంక చూసింది. కోప్పడుతుందేమో అనుకున్నాను, పడలేదు. నేనే ఆ చూపు తప్పించుకుని, దండెం మీద ఆరేసిన చీర తీసుకోబోయాను. "అది ఉతికింది. దాన్ని బర్రె నమ్మదు" అంది. లోపలికి వెళ్ళి, ఒంటిమీది చీర మార్చుకుని వచ్చి, విప్పిన చీర మడతపెట్టి నా చేతిలో పెట్టింది. ఇంకా వెచ్చగా ఉంది. "చుక్కదాని దగ్గర గమ్మున కూర్చోమాక, తన్నుద్ది. ఏదో ఒకటి మాట్లాడతా ఉండు" అని కూడా చెప్పింది.

లుంగీ మీద ఆ చీర చుట్టుకుని, కొంగు తలమీదుగా వేసుకుని, ఇంత మీసంతో మిషను పక్కన కూర్చున్నాను. చుక్కది నన్ను ఎగాదిగా చూసింది, ముట్టెతో చీర వాసన చూసింది, చేపింది. పనివాళ్ళు నోటికి తువ్వాళ్ళు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను, గెలిచాననుకుని. ఇరవై రోజులకు గేదెలన్నీ మిషనుకు అలవాటుపడ్డాయి, ఇక చీరతో పని లేకపోయింది.

ఆ తర్వాత ఒక రోజు పాలత్త షెడ్డుకు వచ్చింది. "చీరతో పనైపోయుంటే తీసుకుపోదామని వచ్చా అబ్బాయ్" అంది. పక్కనే తాడు మీద పొదుగులు తుడిచే గుడ్డలు ఆరేసి ఉన్నాయి. అవన్నీ ఆ చీర ముక్కలే. పాతది, మెత్తగా ఉందని చింపమన్నది నేనే. ఆమె అంచున్న ముక్క ఒకటి పట్టుకుని కాసేపు చూసింది.

"మా అమ్మాయి మొదటి కూలి డబ్బుల్తో కొనిపెట్టింది" అంది.

కొత్తది కొనిస్తానని ఏదో గొణిగాను. "దేనికయ్యా" అంది. ఆ ముక్కను మళ్ళీ తాడు మీదే సరిగ్గా ఆరేసి, "వేణ్ణీళ్ళల్లో ముంచి తుడవండి. చన్నీళ్ళు తగిల్తే ఉలిక్కిపడతయ్" అని చెప్పి వెళ్ళిపోయింది. నాకు ఆ రోజు పడ్డ సిగ్గు ఇప్పటికీ దిగలేదు. ఒక్క తిట్టు తిట్టినా సగం బరువు దిగిపోయేది. గేదెలకిచ్చిన తిట్లలో ఒక్కటి కూడా నాకు దక్కలేదు.

తర్వాత బజార్లో ఎదురుపడితే ఒక్కో గేదెనూ పేరుపేరునా అడిగేది, చుక్కది ఈనిందా, దూడ బాగుందా అని. నేను జవాబులు చెప్పి పక్కకు తప్పుకునేవాణ్ణి. ఇవన్నీ వెబ్‌సైట్‌లో పెట్టేవి కావని నాకూ తెలుసు, అయినా ఇవి వదిలేసి మూడో పేజీ ఎలా రాయాలో తెలియటం లేదు. "నువ్వే రా అత్తా" అనటానికి ఆ సాయంత్రం నాకు ఒక్క నిమిషం పట్టేది. ఆ తర్వాత ఆమె ఇంకో పదేళ్ళు మా ఊళ్ళోనే బతికింది. ఆ పదేళ్ళూ నాకు చాలలేదు.