కడియాలు కరిగించాక

జనగామ వైపు గూడూరు దగ్గర ఒక హైస్కూల్లో పదకొండేళ్లుగా ఒకటే పాఠం చెబుతున్నాను. రంగు, మెరుపు, ఆకారం, ఎంత వేడికి కరుగుతుందనేది, ఇవి భౌతిక ధర్మాలు. ఇనుము తుప్పు పట్టే గుణం, వెండి నల్లబడే గుణం రసాయన ధర్మాలు. కరిగించినంత మాత్రాన పదార్థం మారిపోదని గొంతు చించుకుని చెప్పేదాన్ని. పిల్లలు నమ్మారో లేదో, నేను మాత్రం గట్టిగా నమ్మాను. అదే వచ్చిన చిక్కు.

అమ్మ పోయి ఏడాది దాటింది. నా అద్దె గదిలో నాతోనే ఉండేది. పెళ్లినాడు తొడిగిన వెండి కడియాలు చివరిదాకా ఆమె కాళ్లకే ఉన్నాయి. ఎడమది ఒక పక్క నొక్కుకుపోయింది. ఆమె వంట దగ్గర తిరుగుతుంటే రెండూ తగిలి ఒకటే చప్పుడు. "జర మెల్లగ నడువమ్మా, పేపర్లు దిద్దుతున్న" అని విసుక్కునేదాన్ని.

ఆమె పోయాక అవి బీరువాలో నల్లబడ్డాయి. చూసినప్పుడల్లా బీరువా తలుపు మూసేసేదాన్ని. గ్లాసు చేయిస్తే రోజూ నీళ్లు తాగొచ్చు, అమ్మ దగ్గరున్నట్టే ఉంటుంది అనుకున్నాను. దసరా సెలవుల్లో జనగామలో వెండి పనిచేసే అవుసలాయన దగ్గరికి తీసుకుపోయాను. ఆయన వాటిని చేతిలో తిప్పి తిప్పి చూశాడు.

"గివి కరగబొయ్యాల్నా టీచరమ్మా? జర ఆలోచించుకో."

"వెండి ఏడికి పోతదన్నా? రూపం మారుతది, గంతే." క్లాసులో చెప్పినంత ధీమాగా చెప్పాను.

వారానికి గ్లాసు చేతికొచ్చింది. తెల్లగా మెరుస్తోంది. కాటాలో పెట్టి చూపించాడు. "తూకం సరిగ్గున్నది, సూస్కో."

ఇంటికొచ్చి అందులో నీళ్లు తాగాను. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. గ్లాసు కింద పెడితే ఏ గ్లాసైనా చేసే చప్పుడే చేసింది. ఆ తర్వాత గదిలో నేను కదిలితే తప్ప ఇంకే అలికిడీ లేదు. దాచుకోవడమెందుకు, పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను.

ఆదివారం మళ్లీ జనగామ బస్సెక్కాను.

"అన్నా, దీన్ని మల్ల కడియాలు చేస్తవా?"

ఆయన నవ్వలేదు. "ఎందుకు చెయ్య? వెండేనాయె. ఎవల కాలికి? కొలత చెప్పు."

పిల్లలకు కొలవడం నేర్పి జీతం తీసుకునే మనిషిని. అమ్మ కాలి కొలత ఎంతో నాకు తెలియదు.