పిడికెడు బియ్యం సంచి

తెలంగాణ బంద్ రోజుల్లో కూలి దొరక్క ఎల్బీనగర్ గుడిసెల్లో పొయ్యి వెలిగేది కాదు. మా చర్చివాళ్లు వంటకు ముందు దేవుడికని ప్రతి ఇంట్లో పిడికెడు తీసి, ఆదివారం మందిరంలో పోసిన బియ్యం ఒక బంద్ రోజు ఆ గుడిసెలకు నేనే మోసుకెళ్లాను. నా గోదావరి యాస బయటపడుతుందనే భయంతో దారంతా నోరు విప్పలేదు.

టైర్లు కాలుతున్నచోట ఒకాయన ఆపి, సంచిలో చెయ్యి పెట్టి, సన్నవీ లావువీ కలిసిన గింజలు చూశాడు.

"గిన్ని తీర్ల బియ్యమేంది? ఏడ ఎత్తుకొచ్చినవ్?"

దొంగననుకుంటే సంచి లాక్కుంటారు. ప్రభువా అనుకుని చెప్పేశాను.

"ఇంటింటా తీసిన పిడికెడు బియ్యమండీ. గుడిసెల్లో పిల్లలకండీ."

"ఆంధ్రానా నీది?"

తలూపాను. సంచి మూతి బిగించి పట్టుకున్నాను.

"జర చీర పైకి వట్టుకో పెద్దమ్మా, నిప్పులున్నయ్. గీ పక్కనుంచి పో."

గుడిసెల దగ్గర ఒక తల్లి, బిగుసుకుపోయిన నా వేళ్లు ఒక్కొక్కటే విడదీసి సంచి అందుకుంది.