పార్కుకు ఒక్కటే గేటు

మే నెలలో మా ఖమ్మం వైపు మనిషికి శాలువా కప్పాలన్న ఆలోచన మొదట ఎవరికి వచ్చిందో తెలిస్తే బాగుండును. తెలిసినా చేసేదేమీ లేదు, ఆయనకూ ఒకటి కప్పడం తప్ప. బయట తారురోడ్డు చెప్పులకు అంటుకుంటూ ఉంటుంది. హాల్లో ఉన్న ఒక్క కూలరూ భోజనాల వైపు తిరిగి ఉంటుంది. అప్పుడు పిలిచి కప్పుతారు. ఫొటో సరిగా రాలేదని తీసేసి మళ్ళీ కప్పుతారు. కప్పుకుంటే ఒళ్ళంతా దురద, ఉతికితే రంగు ఉండదు, ఎవరికైనా ఇద్దామంటే వాళ్ళింట్లోనూ అవే. మా బీరువా నిండిపోయాక మా ఆవిడ వాటన్నిటినీ ఒక ట్రంకులో కుక్కి, ఇంటి ముందు రేకుల షెడ్డులోకి నెట్టింది. ఆ షెడ్డు నేను కారు కోసం వేయించినది. కారు పట్టేంత గేటు కూడా పెట్టించాను. మా వీధిలో అంత గేటు ఇంకెవరికీ లేదు. కారు మాత్రం ఇంకా ఆలోచన దశలో ఉంది.

శాలువాలు నా ప్రతిభ వల్ల రాలేదు, ఉద్యోగం వల్ల వచ్చాయి. జూలూరుపాడు దాటాక, అడవికి ఆనుకొని ఉన్న ఎర్రనేలలో కలప పరిశ్రమల పార్కు పెట్టాలని కొందరు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. రైతులు చేలల్లో పెంచే జామాయిల్, సుబాబుల్ లారీలెక్కి ఎక్కడికో పోకుండా ఇక్కడే బల్లలై, మంచాలై బయటికి రావాలి. ఒకరి చెత్త ఇంకొకరికి సరుకు కావాలి. కోతమిల్లు పొట్టు బాయిలర్‌కు, బాయిలర్ ఆవిరి కలప ఆరబెట్టే గదికి, బూడిద తిరిగి చేలకు. కాగితం మీద ఎంత ముచ్చటగా ఉండేదంటే, మధ్యలో మనుషులెందుకా అనిపించేది. ఆ మనుషుల్ని కలిపి కూర్చోబెట్టడమే నా పని. దాన్ని పార్ట్‌నర్‌షిప్ కోఆర్డినేటర్ అంటారు. మా అక్క మాత్రం ఎవరడిగినా, "మా తమ్ముడు సంబంధాలు కుదురుస్తడు, పెండ్లిళ్లు గావు" అని చెప్పేది.

సంబంధాలు నెమ్మదిగా కుదిరాయి. చర్ల నుంచి వెదురు పనివాళ్ళు వచ్చి, రోడ్డు బాగుచేయిస్తే సరుకు తెస్తామన్నారు. వాళ్ళకు శాలువాలు కప్పి అదే రోడ్డు మీద పంపించాం. సంఘం చైర్మన్‌గారిది ఖమ్మంలో ప్లైవుడ్ వ్యాపారం. మాట మెత్తన, పట్టు గట్టి. ఆయన తర్వాత పెద్ద భాగస్వామి సత్తుపల్లి ఫర్నిచర్ ఆసామి. పెళ్ళి మంచాలకు ఆయన పెట్టింది పేరు.

ఇక మా బావ. అక్క భర్త. ఆయన శవపేటికలు చేస్తాడు. మా చర్చివాళ్ళకూ, చుట్టుపక్కల నాలుగైదు మండలాల క్రైస్తవ కుటుంబాలకూ చివరి పెట్టె ఆయన చేతిదే. మా ఊరి మెయిన్‌రోడ్డు మీద దుకాణం. బోర్డు మీద బొమ్మ ఉండదు, ఫోన్ నంబరు మాత్రం కొట్టొచ్చినట్టు ఉంటుంది. కోతమిల్లులో పక్కన పడేసే అంచు చెక్కలు తెచ్చి పలకలు తీస్తాడు. రంపపు పొట్టు జల్లించి లోపలి దిండులో నింపుతాడు. మిగిలిన ముక్కలు పక్క టీ హోటల్ పొయ్యిలోకి పోతాయి. మేము హైదరాబాద్ నుంచి కన్సల్టెంట్లను పిలిపించి నేర్చుకున్నదంతా ఆయన తాటాకు పందిరి కింద ఎప్పటినుంచో జరుగుతోంది. ఆయన దానికేమీ పేరు పెట్టలేదు.

రోడ్డు వెడల్పు పనిలో ఆ దుకాణం మొత్తం పోతుందని తేలింది. గోడ మీద ఎర్ర రంగు గుర్తు పడింది. జాగా ఆయనది కాదు కాబట్టి పరిహారం మాట లేదు. బావ కిరాయికి ఇంకో చోటు వెతకసాగాడు. అందరూ కూర్చోబెట్టి టీ ఇచ్చారు, ఎవరూ జాగా ఇవ్వలేదు. ఒకాయన మర్యాదగానే, "నీ పని మంచిదే అన్నా, మా ఇంటి ముంగట గాకుండ ఏడనన్న చేసుకో" అన్నాడట.

"బామ్మర్దీ, మీ పార్కుల నాకో మూల ఇప్పియ్యి. లేకుంటే పని బందువెట్టి ఎవనికిందనో కూలికి పోవాలె. ఈ వయసుల నాకెవడు రంద ఇస్తడు?" అని బావ అడిగాడు. రంద అంటే చెక్క నునుపు చేసే పనిముట్టు.

చైర్మన్‌గారిని అడిగాను. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. అప్పట్లో పార్కుకు సొమ్ము పెట్టేవాళ్ళు చూడటానికి వస్తున్నారు. చెత్తను నిజంగా వాడుతున్న స్థానిక యూనిట్ ఒక్కటైనా చూపించమని వాళ్ళు పట్టుబట్టారు. మాకున్నది ఒక్కటే. వచ్చినవాళ్ళు బావ దుకాణం చూసి, పొట్టు దిండును చేత్తో నొక్కి చూసి, చాలా మెచ్చుకున్నారు. పెట్టెతో మాత్రం ఎవరూ ఫొటో దిగలేదు. లేఅవుట్‌లో వెనకమూల చిన్న ప్లాటు బావ పేరు మీద గీశారు. ఆ రోజు అక్క మా ఇంటికి బిర్యానీ గిన్నె పంపింది. అందులో మాంసం ఎక్కువ, బియ్యం తక్కువ. ఆమె సంతోషానికి అదే కొలత.

పార్కు మంజూరయ్యాక జరిగిన మొదటి మీటింగులో ఫర్నిచర్ ఆసామి లేచాడు. ఆయనకు బావ మీద కోపమేమీ లేదు. నిజంగానే ఇబ్బందిపడుతూ మాట్లాడాడు.

"తప్పుగా అనుకోకండి. పెళ్ళివారు మంచం చూసుకోడానికి వస్తారండి. మన పార్కుకేమో ఒక్కటే గేటు. వాళ్ళు లోపలికొచ్చే టైముకి, ఎదురుగా ఆ పెట్టె బయటికెళ్తా ఉందనుకోండి. ఇంక మంచం ఎవరు కొంటారండీ?"

ఎవరి మనసులో లేనిదీ ఆయన అనలేదు.

రెండో గేటు పెడదామన్నాను. వాస్తు పంతులుగారిని పిలిపించారు. మా భాగస్వాములందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్న నిపుణుడు ఆయన ఒక్కరే. దక్షిణం పనికిరాదన్నారు, అది యముడి దిక్కట. బావ సరుకుకు అంతకన్నా తగిన దిక్కు ఉండదనిపించింది కానీ పైకి అనలేదు. ఉత్తరాన పక్కవాళ్ళ చేను. పడమర అడవి. అటు గేటు తెరవాలంటే కావలసిన అనుమతి, నా కారు ఒకే రోజు వస్తాయి. పోనీ పెట్టెల మీద టార్పాలిన్ కప్పి పంపుదామన్నాను.

చైర్మన్‌గారు నా భుజం మీద చెయ్యి వేశారు. "తమ్మీ, కప్పినా ఆకారం తెలుస్తది గద. మీ బావకు నువ్వే చెప్పు. ఇంటోడివి. కుర్చీలు, స్టూళ్లు చేస్తనంటే ప్లాటు గట్లనే ఉంచుదాం."

బావ దుకాణానికి వెళ్ళేసరికి ఆయన ఒక చిన్న పెట్టెకు మూత బిగిస్తున్నాడు. అంత చిన్నది ఎవరికో అడగలేదు. రోడ్డు మిషన్లు కనిపించేంత దగ్గరికి వచ్చేశాయి. వాటి చప్పుడులో మాట వినపడటానికి కొంచెం గట్టిగా చెప్పాల్సి వచ్చింది. అలాంటి మాటను గట్టిగా చెప్పడం అంత బాగుండదు.

అంతా విని బావ, "అవ్, నిజమే. పెండ్లి పిల్లకు ఎదురొస్తే బాగుండదు" అన్నాడు.

"కుర్చీలు చెయ్యి బావా. చేసే చెయ్యి అదే, చెక్క అదే."

"చేస్త. మరి నేను కుర్చీలు చేసుకుంట కూసుంటే, నువ్వు పోయిననాడు నిన్ను దేంట్ల పెడ్తరు? కుర్చీల కూసోవెట్టి తీస్కపోతరా?"

ఇద్దరం నవ్వాం. ఆయన నవ్వు ముందు ఆగింది.

"పాస్టర్‌గారు ఫోన్ చేస్తే, ఏ ఊరైనా సరే, తెల్లారేసరికల్ల పెట్టె ఆడుండాలె. ఎవ్వలింట్లనూ పెట్టె కోసం పీనుగను ఆపలేదు. ఇది నేను బందువెడితే వాళ్లు ఖమ్మం దాక పోవాలె. నా కూలి సంగతి పక్కనవెట్టు, గదొక్కటే నాకు మనసుల వడ్తలేదు." మూత మీది పొట్టు ఊది, "మీ ఇంట్ల శాలువాలు ఉన్నయి గద, ఈసారి వచ్చేటప్పుడు రెండు పట్టుకరా" అన్నాడు.

"ఎందుకు?"

"సాటిన్ గుడ్డ కొననీకి చేతగానోళ్లు వస్తరు. లోపల పరుస్త. మంచిగ మెరుస్తది."

మా సంఘం సన్మానాలకు అంత ఉపయోగం ఉందని నాకు అప్పుడే తెలిసింది.

శంకుస్థాపనకు బావను కూడా పిలిచారు. పిలవకపోతే బాగుండదని చైర్మన్‌గారే ఫోన్ చేశారు. బావ రానన్నాడు. అక్క తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి తలుపు దగ్గర తగిలించింది. ఆమెకు ఇంకా ఎక్కడో ఆశ. అందరి ముందు కూర్చున్న మనిషిని చూస్తే వాళ్ళు మనసు మార్చుకుంటారని.

రెండో వరసలో ఇద్దరికీ కుర్చీలు వేశారు. ఉపన్యాసాల్లో "స్థానిక భాగస్వాములు" అన్న మాట వచ్చినప్పుడల్లా అక్క నిటారుగా కూర్చునేది. ప్లాట్ల పత్రాలు ఇచ్చారు. ఫర్నిచర్ ఆసామికి ఇచ్చారు, ప్లైవుడ్ వాళ్ళకు ఇచ్చారు, వెనకమూల ప్లాటు సెక్యూరిటీ గదికని చదివారు. చివరన మైకులో బావను పిలిచారు. ఆయన మెట్లెక్కాడు. చైర్మన్‌గారు నవ్వుతూ శాలువా కప్పారు. ఫొటో సరిగా రాలేదని తీసేసి మళ్ళీ కప్పారు.

బావ దిగివచ్చి, దాన్ని మడిచి, బట్ట వేలితో రాసి చూశాడు. "పర్వాలేదు, మందంగనే ఉన్నది" అన్నాడు నాతో.

ఎండ చల్లబడేదాకా మా ఇంట్లో ఉండి పొమ్మని ఇద్దరినీ తీసుకొచ్చాను. మా ఆవిడ మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళింది. బావ గేటు బయట బండి నీడకు పెడుతున్నాడు. నేను అక్కతో చెబుతూనే ఉన్నాను. వదిలిపెట్టనని, చైర్మన్‌గారితో మళ్ళీ మాట్లాడతానని, పడమటి గేటుకు అర్జీ పెట్టిస్తానని, మనవాళ్ళ బుద్ధులు ఇంకా మారలేదని, ఇంతమందిలో ఒక్కడికీ ఇంత జాగా ఇచ్చే మనసు లేకపోయిందని.

అక్క వింటూ షెడ్డులోకి నడిచింది. ట్రంకు మూత ఎత్తి కొత్త శాలువాను పాతవాటి మీద పెట్టింది. మూత వేసి, పైన రేకుల వంక, కింద ఖాళీ నేల వంక, చివరికి గేటు వంక చూసింది. మా ఆవిడ నీళ్ళ చెంబుతో గుమ్మంలోకి వచ్చి ఆగింది.

"ఈడ గూడ జాగున్నది గద తమ్ముడూ," అంది అక్క. "గేటు గూడ పెద్దదే."