ఎవరూ ఎక్కని బస్సు

శ్యామ్‌సుందర్ గారి దగ్గర మీరు ఏ విషయమైనా ఎత్తండి, మూడో మాటకల్లా ఆయన దాన్ని యూరప్‌లో ఏదో ఒక ఊరి బస్సెక్కించేస్తారు. పప్పులో ఉప్పెక్కువైందన్నా అంతే, గ్రీన్‌కార్డు రాలేదన్నా అంతే. ఒకసారి మా ఆయన వినీత్ పంటినొప్పితో చెంప పట్టుకుని మూలుగుతుంటే, "నేపుల్స్‌లో ఎండలో బస్సు కోసం వెయిట్ చేసినవాడికి ఇదొక నొప్పి కాదయ్యా" అని ఓదార్చారు. వినీత్‌కి ఆ పూట నొప్పి రెట్టింపైంది.

ఆయన ఉద్యోగం టికెట్ మెషీన్ల సాఫ్ట్‌వేర్‌ని టెస్ట్ చేయడం. ఆ వంకన కంపెనీ ఆయన్ని యూరప్ అంతా తిప్పింది. ఏ ఊళ్ళోనూ వేరు పట్టనివ్వలేదు. ఇంట్లోవాళ్ళు పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా ఇంకో ఊరికి టికెట్ వచ్చేది. చివరికి అమెరికా తీసుకొచ్చి జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్‌లో, మా కాలనీలో పడేసింది. మా కాలనీకి బస్సు రాదు, రైలు రాదు. నడిచేవాళ్ళ కోసం వేసిన బాట కూడా మెయిన్ రోడ్డు దాకా వచ్చి, ఇంక నా వల్ల కాదని ఆగిపోతుంది.

పాపం, బస్సు లేని ఊళ్ళో ఈయనెలా బతుకుతాడని అందరం జాలిపడ్డాం. ఆయన మా జాలిని పట్టించుకోకుండా ఒక పాత మినీవ్యాన్ కొని, దాన్నే బస్సన్నారు. ఇంట్లోంచే పని గనక రోజూ లంచ్ బ్రేక్‌లో బయల్దేరేవారు. కాలనీ వీధులన్నీ చుట్టి, ఇండియన్ స్టోరు, లైబ్రరీ, గుడి చూపించి, మళ్ళీ ఇంటికి. లైసెన్సు లేని నాలాంటి డిపెండెంట్ వీసా భార్యలు, పిల్లల్ని చూడటానికొచ్చిన పెద్దవాళ్ళు, వీళ్ళే ప్యాసింజర్లు. ఆయన లంచ్ మాత్రం స్టీరింగ్ పక్కన ఒక అరటిపండు.

ఆ బస్సులో రూల్సు ఎక్కువ. వెనక సీటు దగ్గర తాడుకి ఒక పూజగంట కట్టి ఉంటుంది. దిగాలంటే అది కొట్టాలి, కొట్టకపోతే స్టోరు ముందునుంచే వెళ్ళిపోతారు. దిగేటప్పుడు థాంక్స్ చెప్పాలి, ఎందుకంటే డబ్లిన్‌లో చెప్తారు.

"ఏ ఊరి బస్సు మంచిది అంకుల్?" అని అడిగానొకసారి, బుద్ధి తక్కువై.

"స్విస్ కొండల్లో పసుపు బస్సు ఉంటుందమ్మా. రైలు లేటైతే అది ఆగుతుంది. మనసున్న బస్సు."

"మరి నేపుల్స్?"

"అక్కడ బస్సు రాదు. వస్తే మాత్రం డ్రైవరు మీ అమ్మ ఎలా ఉందని అడుగుతాడు."

"హెల్సింకీ?"

"అక్కడ స్టాపులో మనిషికీ మనిషికీ మధ్య ఇంకో మనిషి పట్టేంత ఖాళీ. ఎవరూ ఏమీ అడగరు" అని, ఎందుకో ఆ ఊరిని అక్కడితో వదిలేశారు.

నేనసలు ఈ బస్సు ఎలా ఎక్కానో చెప్పాలి. అమెరికా వచ్చిన కొత్తలో, మొదటి డ్రైవింగ్ పాఠంలోనే ఎదురింటివాళ్ళ మెయిల్‌బాక్సుని నేలమట్టం చేశాను. దాంతో స్టీరింగ్ అంటేనే వణుకు. వినీత్ అల్ఫారెట్టాలో ఆఫీసుకి వెళ్ళిపోయాక ఇంట్లో చప్పుడు చేసేది డిష్‌వాషర్ ఒక్కటే. ఒక్కదాన్నే ఉండి ఉండి, అది ఆగిపోతే దిగులేసేది. కిటికీ దగ్గర నిలబడి, ఎవరూ నడవని వీధిని చూసేదాన్ని.

అలా చూస్తుంటే రోజూ ఒక వ్యాన్ మా ఇంటిముందు ఆగేది. తలుపు తెరుచుకునేది. ఎవరూ ఎక్కేవారు కాదు, దిగేవారు కాదు. కాసేపుండి వెళ్ళిపోయేది. దారితప్పిన మనిషి కాబోలు, పాపం రోజూ తప్పుతున్నాడే అనుకుని ఒకరోజు అడ్రసు చెబుదామని బయటికి వెళ్ళాను.

"ఎవరి కోసమండీ?"

"ఎవరి కోసమూ కాదమ్మా. ఇక్కడ స్టాప్ ఉంది."

"మా ఇంటిముందా?"

"టైమ్‌టేబుల్లో అలా పడింది. నేనేం చేయను, డ్రైవర్ని."

నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు, వృథా చేయడం ఇష్టంలేక ఎక్కేశాను.

కాలం ఎవరి కోసమూ ఆగదు కదా, మెల్లగా అందరికీ లైసెన్సులొచ్చాయి. కొందరు ఇండియా వెళ్ళిపోయారు. మెయిల్‌బాక్సులన్నీ ప్రాణాలు అరచేత పెట్టుకుని చూస్తుండగా నేనూ పాసయ్యాను. బస్సు ఖాళీ అయిపోయింది. అయినా రోజూ తిరిగేది. ఖాళీ వ్యాన్ ప్రతి స్టాపులోనూ ఆగి, తలుపు తెరిచి, గాలిని ఎక్కించుకుని వెళ్ళేది. కాలనీవాళ్ళు నవ్వుకున్నారు. నాకు మాత్రం చూస్తుంటే కష్టంగా ఉండేది.

"ఇంక మానేయండి అంకుల్. ఎవరూ ఎక్కట్లేదు కదా" అన్నాను.

"ఎవరైనా ఎక్కితేనే వెళ్ళేది టాక్సీ. ఎవరూ ఎక్కకపోయినా వెళ్ళేది బస్సు" అన్నారు.

నా కారు సర్వీసుకిచ్చిన రోజున మళ్ళీ ఆ బస్సెక్కాను. మూలమీది ఇంటిముందు మామూలుకంటే ఎక్కువసేపు ఆగారు. తల బయటపెట్టి చూస్తే, మేడమీద కిటికీలో ఒక మనిషి నీడ. ఆ ఇంట్లో ఉండే రేణు వాళ్ళమ్మ, వసంతలక్ష్మి గారు. భర్త పోయాక ఆవిడని రేణు తన దగ్గరికి తెచ్చుకుంది. వచ్చిందగ్గర్నుంచీ అమ్మ గుమ్మం దాటట్లేదని, గుడికి రమ్మన్నా రావట్లేదని నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడా.

"ఆవిడ కోసమా ఈ స్టాపు?" అన్నాను.

ఆయన అరటిపండు తొక్క జాగ్రత్తగా మడతపెట్టారు. "హెల్సింకీలో ఒక చలికాలమంతా నేను ఎవరితోనూ మాట్లాడలేదు ఉమా. ఆఫీసూ, గదీ, అంతే. కిటికీలోంచి ట్రామ్ కనిపించేది. ఎక్కేవాణ్ణి కాదు. కానీ అది వచ్చేది. రేపు ఎక్కుదాంలే అనుకుంటే ఆ పూట గడిచిపోయేది."

ఇన్నేళ్ళలో ఆయన ఒక ఊరి గురించి చెప్పి ఇంకో ఊరితో పోల్చకపోవడం అదే మొదటిసారి. అప్పుడుగానీ నా మట్టిబుర్రకి మా ఇంటిముందు స్టాపు గుర్తురాలేదు.

"అంకుల్, ఆ టైమ్‌టేబుల్ రాసిందెవరు?"

"మేనేజ్‌మెంటు" అని బండి కదిలించారు.

ఆ తర్వాత కారు వచ్చినా నేను బస్సులోనే వెళ్ళేదాన్ని. ఆవిడ దిగుతుందా లేదా అన్నది తేలకపోతే నాకు అన్నం సయించేలా లేదు. ఒకరోజు ఆ మూలమీది స్టాపులో బస్సు తలుపు తెరుచుకున్నప్పుడు ఆ ఇంటి తలుపు కూడా తెరుచుకుంది. వసంతలక్ష్మి గారు నెమ్మదిగా నడిచొచ్చి, చెకింగ్ ఇన్‌స్పెక్టరులా లోపలికి తొంగిచూశారు.

"ఎక్కడికెళ్తుందండి బాబూ ఇది?"

"స్టోరు, లైబ్రరీ, గుడి అమ్మా. రండి."

"ఇవాళ కాదులెండి." ఆవిడ వెనక్కి తిరిగారు. నా ప్రాణం ఉసూరుమంది. రెండడుగులు వేసి మళ్ళీ వచ్చి, బొడ్లోంచి కర్చీఫ్ తీసి, కిటికీలోంచి లోపలి సీటుమీదికి విసిరారు. "ఆ సీటు నాది. ఎవర్నీ కూర్చోనివ్వకండి" అని ఇంట్లోకి వెళ్ళిపోయారు.

శ్యామ్‌సుందర్ గారు ఆ కర్చీఫ్ వంక చాలాసేపు చూశారు.

"ఇది ఏ ఊళ్ళో ఉంది అంకుల్? జ్యూరిక్‌లోనా, లిస్బన్‌లోనా?"

"ఎక్కడా లేదమ్మా" అన్నారు.

మర్నాడు ఆవిడ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. కర్చీఫ్ మాత్రం అక్కడే ఉంది. వారాంతంలో వినీత్ ఎక్కి, తిన్నగా వెళ్ళి ఆ సీట్లో కూర్చోబోయాడు.

"కనిపించట్లేదటయ్యా? కర్చీఫ్ ఉంది."

"అంకుల్, బస్సంతా ఖాళీయే కదా."

"అయితే ఆ ఖాళీలో కూర్చో."

వినీత్ వెనక్కి పోయి, గంట నెత్తికి తగులుతుండగా కూర్చున్నాడు.

సోమవారం వసంతలక్ష్మి గారు గంజిపెట్టిన నేతచీర కట్టుకుని, హ్యాండ్‌బ్యాగుతో గేటు దగ్గర ముందే నిలబడి ఉన్నారు. ఎక్కి, తన కర్చీఫ్ తీసి, దులిపి, కూర్చున్నారు. శ్యామ్‌సుందర్ గారు సంతోషం పట్టలేకపోయారు.

"అమ్మా, డబ్లిన్‌లో బస్సయితే..."

"మా అమలాపురం బస్సులో అయితే డ్రైవరు మాట్లాడడు బాబూ. రోడ్డు చూస్తాడు."

ఆయన నోరు మూసుకుని రోడ్డు చూశారు. గుడి దాకా వసంతలక్ష్మి గారే మాట్లాడారు. అమలాపురం బస్సు, రాజోలు బస్సు, రెండింటికీ తేడా, కండక్టర్ల గుణగణాలు. ఇంత మాట ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకున్నారో తెలియదు. అద్దంలో చూస్తే డ్రైవరు గారు చెవులదాకా నవ్వుతున్నారు.

తిరిగొచ్చి ఇంటిముందు దిగేటప్పుడు ఆవిడ గంట కొట్టారు, థాంక్సూ చెప్పారు. కర్చీఫ్ మాత్రం మళ్ళీ సీటుమీదే పరిచారు, రేపటికి.

ఇప్పుడు నేను కారు తాళాలు ఇంట్లో పడేసి, కర్చీఫ్ పట్టుకుని స్టాపుకి పరిగెడుతున్నాను. ఆవిడ పక్క సీటు నాకే కావాలి. కాస్త ఆలస్యమైతే, రేణు తన కర్చీఫ్ వేసేస్తోంది.