రెండు వేల మీటర్ల దుప్పటి

ఊళ్లో ఆవిణ్ణి అందరూ మబ్బులావిడ అంటారు. అసలు పేరు జీతం చీటీ మీద ఉంటుంది, అంతకు మించి దానితో ఎవరికీ పని పడలేదు. పొద్దున్నే మేడెక్కి ఎంత దూరం కనిపిస్తోందో చూసి రాయడం ఆవిడ ఉద్యోగం. "చూసినందుక్కూడా జీతమిస్తారా?" అని పెళ్లైన కొత్తలో అత్తగారు నోరు తెరిచింది. ఇస్తారు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఇస్తూనే ఉన్నారు.

అదొక చిన్న ఎయిర్‌పోర్టు. రోజుకి ఒకటే విమానం. ఏడింటికి వస్తుంది, ఎనిమిదింటికి పోతుంది. నలభై సీట్లు. పెద్దాసుపత్రి ఉన్న నగరానికి రోడ్డు మీద పదకొండు గంటలు, విమానంలో యాభై నిమిషాలు. ఆ విమానం దిగాలంటే కనీసం రెండు వేల మీటర్ల దూరం కనిపించాలి. ఆ సంగతి తేల్చేది మబ్బులావిడ. ఆరూ పదికి ఒకసారి, ఆరూ నలభైకి ఒకసారి మేడ మీద నిలబడి నాలుగు గుర్తులు చూస్తుంది. నీళ్ల ట్యాంకు ఆరు వందల మీటర్లు, బస్టాండు పైకప్పు పన్నెండు వందలు, మిల్లు పొగగొట్టం రెండు వేలు, వెనక గుట్ట ఐదు వేలు. కనిపించినవాటిలో ఏది అన్నిటికంటే దూరమో, రిజిస్టరులో దాని గడిలో టిక్కు పెట్టి, సంతకం చేసి, టవరుకు ఫోను చేస్తుంది. ఈ పని చెయ్యడానికి ఒక మెషీను కూడా ఉండేది. అది పాడై పన్నెండేళ్లయింది. ఎయిర్‌పోర్టు నడిపే కంపెనీ బాగుచేయించలేదు. ఎందుకు చేయించలేదో తర్వాత అందరికీ తెలిసొచ్చింది.

పదకొండేళ్ల కిందట మిల్లు మూతపడి, పొగగొట్టాన్ని పడగొట్టారు. ఊరంతా పిల్లాజెల్లాతో వెళ్లి చూసి చప్పట్లు కొట్టింది. మబ్బులావిడ మాత్రం ఎయిర్‌పోర్టు మేడ మీద నిలబడి, "చచ్చాం" అనుకుంది. ఎందుకంటే పన్నెండు వందలకీ ఐదు వేలకీ మధ్య ఇక చూడ్డానికేమీ మిగల్లేదు. కాస్త పొగమంచు పట్టి గుట్ట కనిపించకపోతే పన్నెండు వందలని రాయాలి. విమానం వెనక్కి పోవాలి. ఆ వారంలో రెండుసార్లు అలాగే పోయింది. కొత్త గుర్తు ఇవ్వండి మహాప్రభో అని పై ఆఫీసుకు ఉత్తరం రాసింది. ఉలుకూ పలుకూ లేదు. ఇంకోటి రాసింది. దానికీ అంతే.

ఆవిడ భర్త మున్సిపల్ కౌన్సిల్లో సర్వేయరు. భార్యకీ తల్లికీ మధ్య నలిగి నలిగి నోట్లో నాలుక లేకుండా అయిపోయిన మనిషి. ఆయన ఒక ఆదివారం తన కొలత సామాను తెచ్చి, ఎయిర్‌పోర్టు మేడ నుంచి తమ ఇంటి మేడకు ఎంత దూరమో లెక్క తీశాడు. వాళ్లిల్లు మిల్లు వెనక వీధిలోనే. రెండు వేల ముప్ఫై మీటర్లు తేలింది. రెండు ఎర్ర దుప్పట్లు కలిపి కుట్టి, మేడ మీద తాడు కట్టి ఆరేశాడు.

"రేపట్నుంచి పొగగొట్టం బదులు ఇది చూడు," అన్నాడు. అంత పొడుగు మాట ఆయన నోట అరుదు.

చిక్కల్లా రిజిస్టరుతోనే. అందులో గడులు అచ్చేసి ఉంటాయి. పొగగొట్టానికి గడి ఉంది, దుప్పటికి లేదు. దాంతో మబ్బులావిడ దుప్పటి కనిపించిన రోజున పొగగొట్టం గడిలో టిక్కు పెట్టడం మొదలెట్టింది. తప్పే. పక్కనున్న రిమార్కుల గడిలో ఒక్క ముక్క రాసుకుని ఉంటే సరిపోయేది. కానీ ఆ గడిలో రాస్తే పై ఆఫీసు సంజాయిషీ అడుగుతుందని భయం. ఉత్తరాలకు జవాబివ్వడం చేతకాని ఆఫీసులకు సంజాయిషీలు అడగడం మాత్రం బాగా చేతవును.

ఇది జరిగిన రెండేళ్లకు సర్వేయరు పోయాడు. బుధవారం మధ్యాహ్నం ఒక కాలవ కొలుస్తూ కూర్చుండిపోయాడు, మళ్లీ లేవలేదు. మూడు వారాల సెలవు తర్వాత మబ్బులావిడ డ్యూటీకి వచ్చింది. ట్యాంకు చూసింది, బస్టాండు చూసింది, ఆపైన అలవాటుకొద్దీ ఇంటివైపు చూసింది. అక్కడ ఎర్రగా దుప్పటి ఉంది. కట్టే మనిషి లేడు కదా అనుకుంటే ఉంది. డెబ్బై ఏళ్ల అత్తగారు ఇరవై రెండు మెట్లు ఎక్కి కట్టింది. మబ్బులావిడ టిక్కు పెట్టి, ఫోను చేసి, ఆ తర్వాత ఆ మేడ మీదే కూలబడి ఏడ్చింది. ఇంటికెళ్లాక ఆ మాట ఆవిడా ఎత్తలేదు, ఈవిడా ఎత్తలేదు. "కాఫీ చల్లారిపోయింది, మళ్లీ వేడి చేసుకో," అని మాత్రం అంది అత్తగారు. ఆ ఇద్దరికీ ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టాలన్న దగ్గర్నుంచి ప్రతిదానికీ పేచీయే. దుప్పటి మీద మాత్రం తొమ్మిదేళ్లలో ఒక్క మాటా రాలేదు.

ఇప్పుడు కేసు సంగతి. ఎయిర్‌పోర్టును ప్రభుత్వం ఎప్పుడో ఒక కంపెనీకి అప్పగించింది. కంపెనీకి విమానాల మీద మోజు తీరి, ఆ స్థలంలో గోడౌన్లు కట్టుకోవాలన్న కోరిక పుట్టింది. ఒప్పందంలో ఒక షరతు ఉంది. ఏడాదిలో వంద పొద్దుల కంటే ఎక్కువ మంచు అడ్డుపడి రెండు వేల మీటర్లు కనిపించకపోతేనే మూసెయ్యొచ్చు. నూట నలభై పొద్దులు అడ్డుపడుతోందని కంపెనీ అంది. వీధిదీపం మార్చాలంటే మూడు తీర్మానాలు చేసే మన కౌన్సిల్‌కు ఎక్కణ్ణుంచి వచ్చిందో పౌరుషం, మూసెయ్యడానికి వీల్లేదని కోర్టుకెక్కింది. కౌన్సిల్ చేతిలో ఉన్న ఆయుధమల్లా మబ్బులావిడ రిజిస్టరు. దాని ప్రకారం రెండు వేలు కనిపించని పొద్దులు ఏడాదికి ముప్ఫై దాటవు.

కంపెనీ లాయరు గట్టివాడు. బోనులో నిలబడ్డ మబ్బులావిడ ముందు రిజిస్టరు తెరిచి మెత్తగా మొదలెట్టాడు.

"మార్చి పధ్నాలుగున పొగగొట్టం కనిపించిందని రాశారు. నిజమేనా?"

"రాశానండి."

"ఆ పొగగొట్టాన్ని పదకొండేళ్ల కిందటే పడగొట్టారు. తెలుసా?"

"తెలుసండి. అప్పుడే పై ఆఫీసుకు రెండు ఉత్తరాలు రాశాను."

"అంటే లేదని తెలిసే, ఉందని రాశారన్నమాట. పదకొండేళ్లు లేని పొగగొట్టాన్ని చూశారా?"

"లేదండి. మా ఇంటి దుప్పటి చూశాను."

హాలంతా గొల్లున నవ్వింది. జడ్జీగారు బల్ల మీద కొట్టాల్సి వచ్చింది. కౌన్సిల్ లాయరు తల పట్టుకున్నాడు. ఆ దుప్పటి సంగతి ఆయనకు అప్పటిదాకా తెలియదు మరి.

"ఎవరు ఆరేస్తారు?" అని కంపెనీ లాయరు మళ్లీ అందుకున్నాడు.

"మొదట మావారు. ఇప్పుడు మా అత్తగారు."

"ఆవిడ ఒక రోజు మరిచిపోతే ఎయిర్‌పోర్టు మూతేనా?"

"మరిచిపోలేదండి."

జడ్జీగారు ఒక రిటైరైన జడ్జీని పంపుతున్నాననీ, గురువారం పొద్దున ఆయన స్వయంగా వెళ్లి ఆ దుప్పటేమిటో, ఆ చూడడమేమిటో రాసుకొస్తారనీ చెప్పారు. అప్పటికి మబ్బులావిడ రిటైర్మెంటు ఎనిమిది నెలల్లో ఉంది. ఎయిర్‌పోర్టు పోతే పోయింది, కోర్టు తన ముప్ఫై ఒక్క ఏళ్ల రాతను దొంగరాత అంటే ఈ ఊళ్లో తలెత్తుకుని తిరగడం ఎలాగన్నదే ఆవిడ బాధ. ఆ బాధతో ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది.

"కోర్టులో నా పేరు చెప్పావా?" అంది అత్తగారు.

"పేరడగలేదు. మా అత్తగారు అని చెప్పాను."

"చాల్లే. అందరూ విన్నారా?"

"విన్నారు. నవ్వారు కూడా."

"నవ్వనీ. గురువారం వస్తారన్నమాట," అని ఆవిడ లేచి లోపలికెళ్లింది. పెట్టె తెరిచిన చప్పుడైంది. మబ్బులావిడ పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది.

గురువారం ఆరింటికల్లా ఎయిర్‌పోర్టు మేడ మీద నలుగురు చేరారు. మబ్బులావిడ, ఇద్దరు లాయర్లు, నడుముకు పట్టీ కట్టుకున్న ఆ రిటైరైన జడ్జీ. పల్చగా మంచు ఉంది. గుట్ట జాడే లేదు. "నేనిక్కడ లేననుకుని రోజూ చేసే పని చెయ్యమ్మా," అన్నాడు పెద్దాయన.

ఆరూ పది. ట్యాంకు కనిపించింది. బస్టాండు కనిపించింది. ఇంటివైపు చూసింది. ఏమీ లేదు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. తెల్లటి మంచు, బూడిదరంగు ఇళ్లు, అంతే. మంచు ఎంత పల్చనిదో ఆవిడకు తెలుసు. ఇలాంటి మంచులో దుప్పటి కొన్ని వందలసార్లు కనిపించింది. ఇవాళ రెండు వేలు దాటి కనిపించి తీరాలి.

కౌన్సిల్ లాయరు పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "కనిపిస్తోంది కదమ్మా? నాకైతే ఏదో ఎర్రగా ఉన్నట్టే ఉంది."

"నాకు లేదు బాబూ," అంది. పన్నెండు వందల గడిలో టిక్కు పెట్టింది. సంతకం చేసింది. టవరుకు ఫోను చేసింది. నగరంలో బయల్దేరాల్సిన విమానాన్ని అక్కడే ఆపేశారు. కంపెనీ లాయరు అడక్కుండానే విందు దొరికినవాడి ముఖంతో అటు తిరిగి నిలబడ్డాడు. ఆ గుసగుస చెవిన పడ్డ పెద్దాయన మాత్రం కాగితం మీద ఏదో రాసుకుని, సంచీలోంచి బైనాక్యులర్స్ తీసి ఇళ్లవైపు చూశాడు.

"అక్కడొక ముసలావిడ చెయ్యి ఊపుతోంది. తాడు మీద ఏదో తెల్లగా ఉంది. దుప్పటి ఎర్రది అన్నారు కదా?"

మబ్బులావిడ అత్తగారి సెల్లుకు ఫోను చేసింది. ఆవిడకు ఫోన్లో సరిగా వినపడదు. అందుకని అరిచి మాట్లాడుతుంది, నలుగురికీ వినిపిస్తుంది.

"ఎర్ర దుప్పటేదీ అత్తయ్యా?"

"కోర్టువాళ్లు చూడ్డానికొస్తుంటే ఆ చిరుగుల పేలిక ఆరెయ్యమంటావా? మన పరువేం కాను! కొత్తది తీశాను. మీగడ రంగుది. నీ పెళ్లికి మావాళ్లు పెట్టింది, ఒక్కసారీ పరవలేదు. బాగుందన్నారా?"

మంచులో మీగడ రంగు. పెద్దాయన నవ్వాగక మొహం పక్కకు తిప్పుకున్నాడు. మబ్బులావిడకు మాత్రం నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. "చాలా బాగుంది. ఇప్పుడది తీసేసి పాతది వెయ్యండి," అని ఫోను పెట్టేసింది.

ఆరూ ముప్ఫై అయిదుకు ఎర్రగా ఒక చుక్క వచ్చింది. అందరూ చూశారు, కంపెనీ లాయరుతో సహా.

"ఆరూ పదికి రాసింది దిద్దుతావా అమ్మా?" అని పెద్దాయన అడిగాడు. "కారణం తెలిసిపోయింది కదా."

"అప్పుడు కనిపించలేదు కదండీ," అంది. ఆరూ నలభైకి కొత్త వరసలో రెండు వేలు వేసి ఫోను చేసింది. విమానం గంట ఆలస్యంగా దిగింది.

ఒక ముసలావిడ దుప్పటి మారిస్తే విమానాలు ఆగిపోతాయా అని కంపెనీ లాయరు కోర్టులో బల్ల గుద్ది వాదించాడు. నెల తర్వాత తీర్పొచ్చింది. గడిలో ఒకటి రాసి మరొకటి చూడడం తప్పేనని మబ్బులావిడకు ముందు గట్టిగా చీవాట్లు పెట్టారు. ఆ తర్వాత, తనదంటూ ఉన్నదంతా ఒక్క టిక్కు మీద ఆధారపడి, పక్కన నిలబడి కనిపిస్తోందనమని చెప్పేవాళ్లున్నప్పుడు కూడా కనిపించలేదని రాసిన మనిషి, ఎవరూ లేని రోజుల్లో అబద్ధం రాసిందనడానికి ఆధారం లేదన్నారు. కౌన్సిల్ లాయరు ఆ మాట దగ్గర కళ్లు దించుకున్నాడు. రిజిస్టరు నిలబడింది. ఎయిర్‌పోర్టు మూసెయ్యడానికి వీల్లేదు. పాత పొగగొట్టం ఉన్నచోట కంపెనీయే తన ఖర్చుతో ఎర్ర బోర్డు నిలబెట్టాలి, మెషీను బాగుచేయించాలి.

"అయితే ఇంక నేను మెట్లెక్కక్కర్లేదన్నమాట," అంది అత్తగారు.

"అక్కర్లేదత్తయ్యా. మోకాళ్లకు విశ్రాంతి."

ఆవిడ ఆ రాత్రి అన్నం సగంలోనే లేచిపోయింది. మబ్బులావిడకు తన మాట తనకే ముల్లులా గుచ్చుకుంది.

బోర్డు లేచింది. కొత్త రిజిస్టరొచ్చింది, అందులో బోర్డుకు గడి ఉంది. మొదటి పొద్దున మబ్బులావిడ ఆరూ పదికి మేడెక్కింది. ట్యాంకు, బస్టాండు, బోర్డు. బోర్డుకు ఎడమపక్కన, కాస్త పైగా, ఇంకో ఎరుపు ఉంది. చిరుగుల పేలిక.

బోర్డు గడిలో టిక్కు పెట్టింది. పక్కన, ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఖాళీగా వదిలేస్తూ వచ్చిన రిమార్కుల గడి ఉంది. సంజాయిషీ అడిగితే అడగనీ అనుకుని, "మా ఇంటి దుప్పటి కూడా కనిపించింది" అని రాసి సంతకం పెట్టింది.