మావయ్య టీవీకి రెస్టిచ్చాడు

మా పెదబాబు మావయ్యకి ఒకటే నమ్మకం. యంత్రమన్నది ఏదైనా సరే అలిసిపోతుంది. అలిసిపోయిన యంత్రాన్ని ఆపి, మీద తుండుగుడ్డ కప్పి, అది తేరుకునేదాకా పక్కన కూర్చోవడం మనిషి ధర్మం. చోడవరంలో దేవుడికి పవళింపు సేవ చేసేవాళ్లు ఉండొచ్చు గానీ గ్రైండరుకి చేసేవాడు మాత్రం ఆయనొక్కడే.

ఈ నమ్మకం ఆయనకి షుగరు ఫ్యాక్టరీలో పట్టుకుంది. మిల్లు హౌసులో పనిచేసేవాడు. చెరుకు సీజనంతా మిల్లు రాత్రనక పగలనక నడుస్తుంది. సీజనైపోగానే దాన్ని ఆపేసి, విప్పి, కడిగి, గ్రీజు రాసి, మళ్లీ చెరుకు బళ్లు వచ్చేదాకా పడుకోబెడతారు. అన్నేళ్లు అది చూసీ చూసీ, లోకంలో ఏ మిషనుకైనా అదే న్యాయం అనుకున్నాడు. రిటైరై ఇంటికొచ్చాక చేతికింద మిల్లు లేకపోయేసరికి పూర్తిగా ఇంట్లో వస్తువుల మీద పడ్డాడు.

వాళ్లింటి హాల్లో రెండు ఫ్యాన్లున్నాయి. రెండూ కలిసి తిరగడం నేను ఎన్నడూ చూడలేదు. ఇది కాసేపు, అది కాసేపు. ఫ్యాను మారినప్పుడల్లా వచ్చిన చుట్టాలు కుర్చీలెత్తుకుని ఈ ఫ్యాన్ కింద నుంచి ఆ ఫ్యాన్ కిందకి వలస పోవాలి. ఒక పెళ్లిచూపులు కూడా అలాగే జరిగాయట. పెళ్లికొడుకు తరఫువాళ్లు ఆ మూలకీ ఈ మూలకీ తిరగలేక త్వరగా ఒప్పేసుకున్నారని మా మంగాయమ్మత్త చెబుతుంది.

ఆయన బండి మీద మాడుగుల వెళ్లాలంటే వడ్డాదిలో ఆగి తీరాలి. మనకి పనుండి కాదు, బండికి ఆయాసం. చెట్టు నీడన స్టాండు వేసి, ఇంజను మీద అరచెయ్యి పెట్టి, జొరమొచ్చిన పిల్లాణ్ణి చూసినట్టు చూస్తాడు. ఒకసారి వెనకాల కూర్చున్నవాణ్ణి నేనే. మాడుగులలో హల్వా కొట్టు మూసేస్తారు మావా అంటే, కొట్టు రేపు తెరుస్తారు గానీ ఇంజను రేపు తెరుచుకోదని కోప్పడ్డాడు.

ఇవన్నీ పోనీ అనుకోవచ్చు. మంగాయమ్మత్త కుట్టుమిషనుకి కూడా రెస్టే. అత్త వీధిలో సగం మందికి జాకెట్లు కుట్టేది. అది కాలితో తొక్కే మిషను. దానికి వైరు లేదు, మోటారు లేదు. అయినా సరే, ఆవిడ గట్టిగా పని అందుకోగానే ఈయనొచ్చి చక్రం మీద చెయ్యి వేసి ఆపేసేవాడు. అది చల్లారేదాకా అత్త పక్కన స్టూలు మీద కూర్చుని విసుక్కునేది. ఆయనేమో ఆ సందులో టీ పెట్టుకొచ్చేవాడు. దానికి కరెంటే లేదు కదా మావా అని నేనొకసారి అడిగాను.

"కరెంటు లేకపోతే అలుపుండదేట్రా? ఇనుం ఇనుమే," అన్నాడు.

నేను అనకాపల్లిలో బ్యాంకు ఉద్యోగిని. నా ఫోను ఊరుకునే రకం కాదు, నేనూ ఊరుకునే రకం కాదు. వాళ్లింటికి వెళ్లిన ప్రతిసారీ నా ఫోను గుమ్మంలోనే ఆయన చేతిలోకి పోయేది. బియ్యం డబ్బా మీద, తడిగుడ్డ కింద పడుకునేది. సాయంత్రం తిరిగి తీసుకునేసరికి మేనేజరు గారి మిస్డు కాల్సు దాని నిండా ఉండేవి.

అలాంటి ఇంటికి కొత్త టీవీ వచ్చింది. పాతది పోయింది లెండి. పోయిన రోజు మావయ్య దాని ముందు చాలాసేపు కూర్చుని, "రెస్టు సాల్లేదు," అని తీర్పు చెప్పాడు. కొత్తది కొన్నది వాళ్లమ్మాయి సంధ్యారాణి. ఊరికే కొనలేదు. దేవరాపల్లిలో ఉండే సంధ్యారాణికి అశ్విని అని కూతురు, కబడ్డీ ఆడుతుంది. ఆ పిల్ల జట్టు జిల్లాలు దాటి ఫైనలుకి వెళ్లింది. ఆదివారం ఐదింటికి ఆట. దాన్ని యూట్యూబ్‌లో లైవు ఇస్తున్నారు. బస్సెక్కితే కళ్లు తిరిగే మంగాయమ్మత్త మనవరాలి ఆట అంతవరకూ ఒక్కటీ చూడలేదు.

సంధ్యారాణి పిల్లతో పాటు వెళ్తూ నాకు ఫోను చేసింది. షాపువాళ్లు టీవీ గోడకి బిగించి వెళ్లిపోయారట. మిగతాదంతా, అంటే ఇంటర్నెట్టు కలపడం, ఖాతా తెరవడం, ఆట పెట్టడం నా బాధ్యతట. తర్వాత గొంతు తగ్గించింది.

"బావా, నాన్న దానికి రెస్టివ్వకుండా సూడు. అమ్మ రెండ్రోజుల్నించీ ఇదే తలుసుకుంటంది."

ఆ మాటతో ఆదివారం పొద్దుటినుంచే నాకు ఒక చోట నిలబడబుద్ధి కాలేదు. బ్యాంకు ఆడిట్ రోజు కూడా అంత గాభరా పడలేదు.

భోజనాలయ్యాక వెళ్లాను. అప్పటికే అత్త పెళ్లిళ్లకి కట్టే నేత చీర కట్టుకుని ఉంది. మనవరాలు టీవీలోంచి చూస్తుందన్నట్టు జడకి పువ్వులు కూడా పెట్టుకుంది. హాల్లోకి వెళ్తే గోడ మీద కొత్త టీవీ. దాని వెనకవైపుకి గాలి తగిలేలా, పక్కనే ఎత్తుపీట మీద టేబులు ఫ్యాన్. అది గిర్రున తిరుగుతోంది. మనుషులం చెమటలు కక్కుతున్నాం. టీవీ హాయిగా ఉంది.

"కొత్త కోడలు లాటిది. ఒక్క రోజులో ఎంత పని సెప్తావురా," అన్నాడు మావయ్య, నేను రిమోటు తీస్తుంటే.

వాళ్లింట్లో ఇంటర్నెట్టు లేదు. నా ఫోనులోంచే టీవీకి ఇవ్వాలి. అంటే ఆ సాయంత్రం ఒకటి కాదు, రెండు యంత్రాలు ఆయన బారిన పడకుండా కాపాడాలి. ఫోను చొక్కా జేబులో పెట్టి, జేబుకి పిన్నీసు పెట్టుకున్నాను. అది వేడెక్కుతోందని మావయ్యకి తెలిసిపోయింది. మాట్లాడుతూ మాట్లాడుతూ నా జేబు వైపే జాలిగా చూసేవాడు. ఒకసారి చెయ్యి కూడా చాచాడు. నేను కుర్చీ వెనక్కి జరిగాను.

పాస్‌వర్డు తప్పు, మళ్లీ తప్పు, మూడోసారి ఒప్పు. అమ్మయ్య అనుకునేలోపు టీవీ తనంతట తానే ఒక కబురు చెప్పింది. తనని తాను కొత్తగా మార్చుకుంటుందట, అది పూర్తయ్యేదాకా ఆపొద్దట. తెర మధ్యలో ఒక గుండ్రం తిరుగుతోంది, కింద అంకె పెరుగుతోంది. టైము చాలుతుందా అని ఆ అంకెనీ గడియారాన్నీ మార్చి మార్చి చూశాను.

మావయ్యని కూర్చోబెట్టి విడమర్చి చెప్పాను. ఇప్పుడు దీన్ని ఆపితే మొత్తానికే పాడైపోవచ్చు, ముట్టుకోకు అన్నాను. సరే అన్నాడు. ఆ సరే ఎంత తేలిగ్గా వచ్చిందో అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. అత్త పిలిస్తే వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను. అంతే. వచ్చేసరికి తెర నల్లగా ఉంది. మావయ్య చెయ్యి స్విచ్చు మీద ఉంది.

"ఎనబై కాడ ఆయాసపడిపోనాదిరా. ఆ గుండ్రం సూడు, తిరగలేక తిరగలేక తిరుగుతంది. కొండెక్కేవోడు నడిమిన కూకోడేటి?"

ఒక్క గెంతులో అక్కడికి వెళ్లాను. స్విచ్చు వేశాను. తెర మీద కంపెనీ పేరొచ్చింది, పోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. సంధ్యారాణి డబ్బు, నా పరువు, అత్త ఆశ మూడూ ఆ పేరుతో పాటు వచ్చి పోతున్నాయి. అత్త కొంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి, ఏమైందో అడగకుండా నా మొహమే చూస్తోంది. అడిగినా బాగుండేది. నేను తెలిసిన దేవుళ్లందరికీ మొక్కేశాను. ఇక మొక్కడానికి ఎవరూ మిగలని సమయానికి గుండ్రం కనపడింది. అంకె మళ్లీ ఒకటి దగ్గర్నుంచి మొదలైంది.

"సూసేవా, ఒళ్లు తేలికపడినాది," అన్నాడు మావయ్య.

ఈసారి నేను ప్లగ్గుకీ ఆయనకీ మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఐదు దాటింది. ఆట మొదలైపోయి ఉంటుంది. ఎట్టకేలకి టీవీ తయారైంది. వెతికి పెట్టేసరికి నీలం బనియన్ల పిల్లలు, ఎర్ర బనియన్ల పిల్లలు, మధ్యలో మా అశ్విని కనపడ్డారు. ఆట సగానికి పైగా అయిపోయింది.

"సిక్కిపోనాది గుంట," అంది అత్త మనవరాల్ని చూసి. ఆవిడ కూర్చోలేదు. టీవీకి దగ్గరగా వచ్చి నిలబడిపోయింది.

కూర్చోమని మావయ్య అన్నాడు, కూర్చో అత్తా అని నేనూ అన్నాను. వినలేదు. పోయినేడాది ఆటలోనే అశ్వినికి భుజం తొలిగిందన్న సంగతి నాకు గుర్తుంది. అత్త మాత్రం దాన్ని ఒక్క క్షణం కూడా మరిచిపోయినట్టు లేదు. పిల్ల కింద పడ్డప్పుడల్లా ఆవిడ చెయ్యి తన భుజం మీదకే పోతోంది. పాయింట్లు సమానమయ్యాయి. ఆఖరి కూత అశ్వినిదే. వెళ్లింది, ఒకర్ని తాకింది, వెనక్కి తిరిగింది. నలుగురు నడుం పట్టుకున్నారు. పిల్ల నేల మీద పడి గీత వైపు చెయ్యి చాచింది.

తెర నల్లబడింది.

నేనెప్పుడు కుర్చీలోంచి లేచానో నాకే తెలియదు. ఉత్కంఠకి లేచుంటాను. ఆ సందు చాలింది మావయ్యకి. ప్లగ్గే పీకి చేతిలో పట్టుకున్నాడు.

"ఏడెక్కిపోనాది," అన్నాడు.

నా జన్మలో పెద్దవాళ్ల మీద అంత కోపం రాలేదు. పొద్దుటినుంచి పడ్డ గాభరా అంతా ఒక్కసారి నెత్తికెక్కింది. ఎంత వేడెక్కిందో ఆయనకే చూపిద్దామని టీవీ వెనకాల చెయ్యి పెట్టాను. సాయంత్రమంతా ఫ్యాను గాలి తిన్న టీవీ కుండలో నీళ్లలా చల్లగా ఉంది. ఆ మాట చెప్పడానికి వెనక్కి తిరిగాను.

మావయ్య టీవీ దగ్గర లేడు. మధ్యాహ్నం నుంచి ఎవర్నీ ముట్టుకోనివ్వని ఆ టేబులు ఫ్యాన్‌ని ఎత్తుకెళ్లి అత్త వైపు తిప్పుతున్నాడు. అత్త మొహం పాలిపోయి ఉంది. గుప్పెట్లో కొంగు నలిగిపోయింది, ఊపిరి అందడం లేదు.

"మిషను సల్లారాల. నువ్వొచ్చి ఇలాగ కూకో," అన్నాడు ఆవిడతో.

అత్త కూర్చుంది. నీళ్లిచ్చాడు, తాగింది. ఊపిరి కుదుటపడ్డాక, ముదనష్టపు మిషను, ఇప్పుడే వేడెక్కాలా అని టీవీని తిట్టింది. మావయ్య కూడా ఆవిడ పక్షమే చేరి టీవీని నాలుగు తిట్టాడు. తర్వాత నన్ను కళ్లతో వసారాలోకి రమ్మన్నాడు.

"మీ అత్త గుండె దడొస్తే సెప్పదురా. కూకోమంటే కూకోదు. పెళ్లయిన కొత్తల జొరంతో జాకెట్లు కుట్టింది. బతిమాలేను, తిట్టేను, ఇన్నేదు. మిషను కాలిపోతాదే అన్నాను. టక్కున ఆపీసింది." గోడకి జారబడ్డాడు. "అప్పట్నించీ మనిసికి సెప్పడం మానీసేను. మిషనుకే సెప్తన్నాను."

నేనూ ఆయన పక్కనే గోడకి ఆనుకున్నాను. ఆ గ్రైండరు, ఆ వైరు లేని కుట్టుమిషను వరసగా కళ్లముందుకొచ్చాయి. ఏది ఆగినా దాని పక్కన కూర్చున్నది అత్తే. నా ఫోను కూడా గుర్తొచ్చింది. బ్యాంకు నుంచి మొహం వేలాడేసుకుని వచ్చిన రోజుల్లో అది డబ్బా మీద పడుకుంటే, ఇక్కడి మంచం మీద నిద్రపోయింది నేనే కదా. మావయ్య మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందంటే, జేబు పిన్నీసు తీసి ఫోను ఇచ్చేద్దామనుకున్నాను.

అప్పుడే అది మోగింది. సంధ్యారాణి. వెనకాల గోల. చెయ్యి గీత దాటిందట, గెలిచేశారట, పిల్లకి చిన్న గీరు కూడా పడలేదట.

లోపలికి పరిగెత్తి చెప్పాను. అత్త రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. టీవీకి మళ్లీ ప్లగ్గు పెడుతుంటే ఈసారి లేస్తుందో లేదోనని నాకు మళ్లీ చెమటలు పట్టాయి గానీ అది బుద్ధిగా లేచింది. అయిపోయిన ఆటని వెనక్కి జరిపి చూడొచ్చని చెప్పాను. మావయ్య టీ పెడతానని వంటింట్లోకి వెళ్లాడు. నేను ఆటని వెనక్కి జరుపుతుంటే అత్త మెల్లగా అడిగింది.

"బాబూ, నిజం సెప్పు. టీవీ ఏడెక్కిందేటి?"

"బాగా వేడెక్కింది అత్తా," అన్నాను.

"నువ్వూ నేర్సీసేవు." వంటింటి వైపు ఒక చూపు చూసి గొంతు తగ్గించింది. "ఇనప మిషను అలిసిపోతాదంటే నమ్మడానికి నేనేటి ఎర్రిదాన్నా? మిల్లులో నిలబడి నిలబడి మీ మావ మోకాళ్లు ఎప్పుడో అరిగిపోనాయి. ఉత్తినే కూకోమంటే కూకోడు. నాకు రెస్టిస్తే గానీ, పక్కన కూకుని టీ తాగడు. అందుకే నేను ఆగుతన్నాను."

మావయ్య మూడు గ్లాసులతో వచ్చాడు. మోకాలు పట్టుకుంటే ఒక్క క్షణం గుమ్మం దగ్గర ఆగి, ఏమీ కానట్టు నడిచి వచ్చాడు. గ్లాసులిచ్చి, వంటింట్లో గిన్నెలున్నాయంటూ వెనక్కి తిరగబోయాడు. మధ్యలో టీవీ వైపు చూసి, చల్లారిందా అని అడిగాడు.

అత్త లేచి వెళ్లి, టీవీ వెనకాల అరచెయ్యి పెట్టి, కాసేపు ఆలోచించింది.

"ఇంకా సల్లార్లేదు," అంది. "మీరూ కూకోండి."