కార్నర్ జెండా దగ్గర

మా ఆయన పోర్టులో క్రేను నడిపేవారు. అది జీతం కోసం. ప్రాణమంతా ఫుట్‌బాల్ రిఫరీ పనిలోనే ఉండేది. అంతర్జాతీయ బ్యాడ్జి వచ్చింది కానీ, ఏటా పరుగు పరీక్ష నెగ్గితేనే అది నిలుస్తుంది.

1981 వేసవిలో పరాయి దేశంలో ఒక మ్యాచ్‌కి వెళ్లారు. కార్నర్ జెండా దగ్గర ఒక కుర్రవాడు పడిపోయాడు. బంతి అతని జట్టు దగ్గరే ఉంది, గోలు పడేలా ఉంది. అలాంటప్పుడు విజిల్ ఊదకుండా ఆట సాగనిస్తారు. ఈయనా సాగనిచ్చారు. గోలు పడింది. కుర్రవాడు లేవలేదు. ఆసుపత్రికి చేరేలోగా పోయాడు. గుండెజబ్బు అన్నారు. రిఫరీని ఎవరూ తప్పుపట్టలేదు.

తిరిగొచ్చాక, మల్కాపురంలో మా క్వార్టర్స్ వెనక మైదానంలో తెల్లవారుతూనే పరుగు మొదలుపెట్టారు. స్టాప్‌వాచీ పట్టుకోవడం నా పని. క్షణం తేడా రానివ్వనని ఆయనకు నమ్మకం. మొదటిరోజే, రిఫైనరీ వైపు మూలకు రాగానే చెయ్యి పైకెత్తి ఆగిపోయారు.

"ఏటైంది? ఎందుకాగిపోనారు?"

"గుంటడు ఇంకా లెగనేదు. వాచీ ఆపు."

అక్కడ ఎవరూ లేరు. రిఫైనరీ గొట్టం మీది మంట వెలుగు గడ్డి మీద ఎర్రగా ఆడుతోంది. గడ్డి మాత్రం ఒకచోట అణిగి ఉంది. కుక్క పడుకుని ఉంటుందనుకున్నాను. కుక్క అంత పొడుగుండదు.

రోజూ అక్కడే ఆగేవారు. డ్యూటీకి వెళ్తూ పక్కింటాయన నవ్వేవాడు.

"ఏటి బావా, ఆట నేదు, బంతి నేదు. ఫౌలెవలిది?"

"నాదే," అన్నారు ఈయన.

పక్కింటాయన మళ్లీ ఆ దారిన రాలేదు.

పరీక్ష ముందురోజు ఆయనే అడిగారు. "రేపు పరీక్షకాడ జెండా మూల నువ్వు నిల్చో. నువ్వుంటే ఆడికి తోడుంటాది. నాను ఆగకుండా ఎల్లిపోతాను."

పరీక్ష ఊళ్లో వేరే మైదానంలో. పరీక్ష పెట్టే అధికారిని అడిగి కార్నర్ జెండా పక్కన నిలబడి, విజిల్ పడగానే వాచీ నొక్కాను. ఆయన నా వైపు చూడలేదు. నా కాళ్ల ముందు ఏదో ఉన్నట్టు, కాస్త పక్కకు తప్పుకుని పరిగెత్తారు. ప్రతి చుట్టులోనూ అంతే. ఎండ మండిపోతోంది. నా చీర కుచ్చిళ్ల దగ్గర మాత్రం చల్లగా ఉంది. కిందికి చూడలేదు.

ఈయన నెగ్గారని అధికారి చెప్పాడు. బ్యాడ్జి నిలిచింది. ఆయన రొప్పుతూ వచ్చి, "నీ వాచీలో ఎంతొచ్చింది?" అన్నారు.

చూసుకున్నాను. ముల్లు మొదటి చుట్టులోనే ఆగిపోయి ఉంది. నా బొటనవేలు ఇంకా మీట మీదే ఉంది. మళ్లీ ఎప్పుడు నొక్కానో తెలియదు.

ఆయన వంగి ఆ ముల్లుకేసి చూశారు.

"పోన్లే," అన్నారు. "ఒకలైనా ఆపినారు."